అనుమానాలక్క మందుల పెట్టె

రోజూ పొద్దున్న డ్యూటీ ఎక్కగానే అంబులెన్సు వెనక తలుపు తెరిచి, మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, సూదిమందుండే వేలెడంత గాజు ఆంప్యూళ్లను ఒక్కొక్కటే వెలుతురుకెత్తి పైకి చదివేది ఆ బండి నర్సమ్మ. "అడ్రినలిన్, ఆగిన గుండెకి, ఊపిరి బిగిసినవాడికి. అట్రోపిన్, మందగించిన గుండెకి. గ్లూకోజు, చక్కెర పడిపోయినవాడికి." చివర్న కళ్లు మూసుకుని, "దేవుడా, నా చేయి తప్పనివ్వకు" అనేది. పద్దెనిమిదేళ్లుగా ఒక్కరోజూ మానలేదు. ఆ పెట్టెను ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. అందుకే అందరూ ఆవిణ్ణి అనుమానాలక్క అనేవారు.

ఈమధ్య ఆంప్యూళ్ల మీద అక్షరాలు పలచబడ్డాయి. ఆవిడ అనుమానం మొదట మందుల స్టోరు చూసే బాబాయి మీదికి పోయింది.

"ఏం బాబాయ్, చవక సరుకు దించావా? అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి."

"అదే కంపెనీ, అదే సరుకు తల్లీ. నీకు చీమ కూడా దొంగలాగే కనబడుతుంది!"

ఆ వారమే ఓ తాపీమేస్త్రీని తేనెటీగలు కుట్టాయి. ఆవిడా, బండి డ్రైవరూ వెళ్లేసరికి ఒళ్లంతా ఉబ్బి, ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. ఆవిడ ఆంప్యూల్ మెడ విరవబోతుంటే, డ్రైవరు దానిమీద సెల్లు లైటు వేశాడు.

"అక్కా, ఇంకోసారి చదువు."

ఆవిడకు ఒళ్లు మండింది. అయినా చదివింది. అట్రోపిన్! రెండూ ఒకే పొడవు, ఒకే గాజు. ఠక్కున పక్కనపెట్టి, అడ్రినలిన్ తీసి, సిరంజీకెక్కించి మేస్త్రీ తొడకు పొడిచింది. దేవుడి దయవల్ల మేస్త్రీ గట్టెక్కాడు. ఆవిడకు మాత్రం కునుకు పట్టలేదు. పెట్టెలో అరలు తారుమారు చేసిందెవరు? ఇంకోసారి ఇలా జరిగితే ఓ నిండు ప్రాణం పోదూ?

మర్నాడు చూస్తే అడ్రినలిన్ అర అంచున కాగితం ముక్క, దానిమీద ఎర్రటి పెద్ద అక్షరం. ఆ మర్నాడు ఇంకో అరకు ఇంకోటి. సందేహం లేదు, ఎవరో చేయి పెడుతున్నారు.

మూడోరోజు గంట ముందే వచ్చి పక్క బండి చాటున నక్కింది. డ్రైవరు వచ్చాడు. అటూ ఇటూ చూసి పెట్టె తెరిచాడు. చేతిలో జిగురు సీసా.

"దొరికావురా! నా పక్కన కూర్చుని నాకే గొయ్యి తవ్వుతున్నావా? అరలు మార్చింది నువ్వేగా?"

అతను జిగురు సీసా కింద పెట్టాడు. తర్వాత ఓ ఆంప్యూల్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"చదువక్కా."

ఆవిడ చేయి చాచింది, దగ్గరికి తెచ్చుకుంది, మళ్లీ చాచింది. "అడ్రినలిన్."

"అట్రోపిన్."

ఆవిడ దాన్ని వెలుతురుకెత్తి మళ్లీ చూసింది.

"అరలు ఎవ్వరూ మార్చలేదక్కా. ఆరోజు నువ్వే పక్క అరలో చేయి పెట్టావు. రోజూ పొద్దున్న నువ్వు చదవట్లేదు, అప్పజెబుతున్నావు. మొహాన చెబితే నొచ్చుకుంటావని, పెద్ద అక్షరాలు రాసి అతికిస్తున్నా. అంతే."

స్టోరు బాబాయిని అనుమానించింది, ఇతన్ని అనుమానించింది. తన కళ్ల జోలికి మాత్రం పోలేదు. బండి మెట్టుమీద కూర్చుని, అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుని, పెట్టెను అతని ఒళ్లోకి జరిపింది.

"సాయంత్రం కళ్ల డాక్టరు దగ్గరికి పోతాను. అద్దాలొచ్చేదాకా ఓ సాయం చెయ్యి తమ్ముడూ. నేను చేతిలోకి తీసిన ప్రతిదీ నువ్వు పైకి చదువు. నేను తిట్టినా సరే, చదువు."