తెల్లబడిన బంగారు రేకులు

కుంపటిని వీధిలోంచి సరుగుడు తోపుకు మార్చాలన్న ఆలోచన నాది కాదు, మా అక్కది. పెద్దల ముందు ఆ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు.

యాభైల చివర్లో వాకాడు దగ్గర మా కంసాలి వీధిలో గుడి వాహనాలకు, కలశాలకు బంగారు పూత పూసేవాళ్ళం. బంగారాన్ని పాదరసంతో ముద్ద చేసి ఇత్తడికి పూసి కుంపటి మీద కాస్తే, పాదరసం ఆవిరైపోయి బంగారం నిలిచేది. పోయింది ఎక్కడికి పోయిందని మాలో ఎవరం అడగలేదు. వీధిలో ఆడవాళ్ళ తాళిబొట్లు మాత్రం తెల్లబడుతుండేవి. "కంసాలోళ్ళు పెళ్ళాల తాళిలో కూడా వెండి కలిపినారు" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. మేము వాటిని మళ్ళీ ఆ కుంపట్లోనే కాచి, పచ్చదనం తెప్పించి ఇచ్చేవాళ్ళం. ఆ తెలుపు మళ్ళీ గాలిలోకే పోయేది.

అక్కకు ఆ నవ్వు గుచ్చుకుంది. ఆ తెలుపు గాలిలో వచ్చే పాదరసమేనని అనుమానించి, అది ఎంతదాకా పోతోందో చూడాలని మిగిలిన బంగారు రేకును గోరంత ముక్కలు చేసి, చిల్లులు పొడిచిన డబ్బాల్లో పెట్టి గుమ్మానికి, బావి దగ్గర, వీధి చివర కట్టింది. దొంగల కోసం పెట్టినావా అని బావ గొణిగాడు. ఏడాది తిరిగాక పాతవి విప్పి చెక్కపలకకు వరసగా అంటించి, కొత్తవి కట్టేది. అరవైల్లోకి వచ్చాక ఆ పలక చూస్తే అంతా తెలిసిపోయేది. పని తక్కువైన ఏడు తెలుపు గుమ్మం దగ్గరే ఆగింది. కానీ మొత్తం మీద అది ఏటేటా వీధి చివరకు జరుగుతోంది. అప్పటికే ఆ ఆవిరి పీల్చి పీల్చి బావకు చేయి వణుకుతోంది. వీధిలో పిల్లలకూ అదే గతి పడుతుందని అక్క భయం. తోపు సముద్రం వైపు ఉంది. తెల్లవారుజామున గాలి ఊరి మీంచి సముద్రానికి పోతుంది కనుక, కుంపటిని అక్కడ అప్పుడే వెలిగించి, గాలి మళ్ళేలోపు ఆర్పాలని తేల్చింది.

పెద్దల కూటానికి ఆడవాళ్ళు రారు కాబట్టి పలక నా చేతికిచ్చి పంపింది. నేను అంతా వివరించాను. "ఏం బుర్రరా నీది" అని కులపెద్ద వీపు తట్టాడు. తల వంచుకున్నాను. అది వినయమనుకున్నారు.

కుంపటి మారింది. తాళిబొట్లు తెల్లబడడం ఆగింది. చుట్టుపక్కల పూతపనివాళ్ళు వచ్చి చూసి, తమ ఊళ్ళలోనూ అలాగే మార్చుకున్నారు. ఆడపిల్ల ఆలోచనతో ఒక వీధి గాలి మారిందంటే నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

నిరుడు అక్క దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె వక్క కొరుకుతూ, "నాకు చెప్తే ఏం లాభం రా? నాకు తెలిసిందే గదా. ఆ పొద్దు విన్నోళ్ళకు చెప్పు" అంది.

ఆనాటి కూటంలో విన్నవాళ్ళలో ఇంకా మిగిలి ఉన్న పెద్దలను మా అరుగు మీదికి పిలిచాను. అక్కను వాళ్ళ మధ్య కూర్చోబెట్టాను.

"ఆ రేకులు కట్టింది, చూసింది, తేల్చింది మా అక్క. మీరిచ్చిన మెప్పు నేను మింగినాను. అక్కా, నన్ను క్షమించు."