పెద్దమ్మ నానబెట్టిన కుంకుళ్లు

పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా, మేం పెద్దమ్మ అని పిలిచే మా ఇంటి ఓనరు పోయారు. ఆమె కోడలు పైకి వచ్చి తలుపు కొట్టి, "అత్తమ్మ లేస్తలేదు" అంది. నేను దిగి వెళ్లేసరికి పెద్దమ్మ రోజూలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

నాకు రాయడం అలవాటు లేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. నలుగురిలో మాట్లాడటం అంతకన్నా రాదు. అయినా ఆమె గురించి ఎవరికైనా చెప్పుకోకపోతే మనసు నిలవడం లేదు.

మా ఆయన మాదాపూర్ ఆఫీసులకు క్యాబ్ నడుపుతారు. పెళ్లయ్యాక గోదావరి వైపు నుంచి వచ్చి గచ్చిబౌలిలో, అద్దాల మేడల వెనక సందులో, పెద్దమ్మ వాళ్ల పైవాటాలో దిగాం. ఓనరు వంక పెట్టకూడదని రోజూ ఫినాయిల్ వేసి నేల తుడిచేదాన్ని. బోరు నీళ్లకు కుళాయిల మీద తెల్లగా పేరుకునే పొరను, సైకిలు మీద అమ్మకానికొచ్చే యాసిడ్ పోసి వదలగొట్టేదాన్ని. వాసన ఎంత ఘాటుగా ఉంటే ఇల్లు అంత శుభ్రమని అనుకునేదాన్ని.

పాప పాకడం మొదలుపెట్టిన రోజుల్లో దాని గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరమ్మ మందు రాసి, ఘాటైన వాసనలు దగ్గరకు రానివ్వద్దంది. అగరుబత్తి వెలిగించడం మానేశాను. ఫినాయిల్ సంగతి తట్టనే లేదు. అది శుభ్రం చేసేది కదా, దాన్ని అనుమానించాలని ఎలా తోస్తుంది?

ఒక రోజు పెద్దమ్మ పైకి వచ్చి గడప దగ్గరే ఆగిపోయారు.

"ఏంది బిడ్డా, ఇది ఇల్లా దవాఖానా? ఎవలకన్న ఆపరేషన్ చేస్తున్నవా?"

"తుడుస్తున్నానండి."

"తుడువు, ఎవలొద్దన్నరు. జర ఖిడికీ తెరువు. నీ ముక్కు మీదున్నది. గా పోరి ముక్కు నేలకు జానెడు ఎత్తులున్నది. నువ్వు పోసిందంత అదే పీలుస్తది."

మర్నాడు నన్ను కిందికి పిలిచి కూర్చోబెట్టారు. కుంకుడుకాయలు రాయితో కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానబెట్టడం చూపించారు. తెల్లారి పిసికి, వడకట్టి, ఆ నురగ నీళ్లు బకెట్లో కలిపి తుడవాలి. తర్వాత ఉత్త నీళ్లతో ఇంకోసారి తుడవాలి, లేకపోతే టైల్స్ మీద కాలు జారుతుంది. కుళాయిల మీది తెల్ల పొరకు పిండేసిన నిమ్మచెక్కలు. సింకుకు వంట సోడా, పీచు. మరుగుదొడ్డికి మాత్రం బ్లీచింగ్ పొడి వాడేవారు. అది కూడా కొంచెమే, తలుపూ కిటికీ బార్లా తెరిచి, పాపను కింద వదిలి వచ్చాకే వాడమన్నారు. "బ్లీచింగూ యాసిడూ ఎన్నడూ ఒక్కతాన కల్పకు. అవి రెండు కలిస్తె పానం మీదికొస్తది" అన్నారు. యాసిడ్ సీసాను ఆ రోజే మా ఇంట్లోంచి తీసుకుపోయారు.

నాకు సందేహం తీరలేదు. "ఏ వాసనా రాకపోతే కడిగినట్టు ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"నీళ్లకేమన్న వాసనుంటదా? అవే గద ఇన్నేండ్లసంది మనల్ని కడుగుతున్నయి."

మందులు మానలేదు. పీల్చే మందు చాలా రోజులు వాడాం. కూతలు మెల్లగా తగ్గుతూ వచ్చాయి. రోజూ పొద్దున పెద్దమ్మ మంచం మీద కూర్చుని పాపను ముందు నిలబెట్టుకుని, దాని వీపుకు చెవి ఆనించి వినేవారు. "ఇయ్యాల పిల్లి లోపలనే పండుకున్నది" అనేవారు ఒకరోజు. "ఇయ్యాల పిల్లి ఊరికి వొయ్యింది" అనేవారు ఇంకోరోజు. ఆ రెండో మాట కోసం నేను మెట్ల మీద ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. పాపకు రెండో ఏడు వచ్చేసరికి పిలవకుండానే తనే వెళ్లి ఆమెకు వీపు తిప్పి నిలబడేది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మను తీసుకెళ్లిపోయాక ఇల్లు కడగాలన్నారు. పెద్దమ్మ ఆడబిడ్డ కొంగు దోపుకుని, "ఫినాయిల్ తేపో, రెండు సీసలు గుమ్మరించాలె" అని కోడలికి చెప్పింది. కోడలు ఏడ్చి ఏడ్చి ఉంది, డబ్బుల కోసం పర్సు వెతుకుతోంది. వంటింటి మూలన పళ్లెం మూసిన గిన్నె ఒకటి నాకు కనబడింది. శుక్రవారం కడుగుడు కోసం పెద్దమ్మ గురువారం సాయంత్రం నానబెట్టుకున్న కుంకుళ్లు.

నేను నోరు విప్పకపోతే ఆమె ఇంటిని, ఆమె పోయిన రోజునే, ఆమెకు సరిపడని నీళ్లతో కడిగేస్తారు.

"ఫినాయిల్ వద్దండి" అన్నాను. "పెద్దమ్మ నానబెట్టుకున్నవి ఉన్నాయి."

ఆడబిడ్డ నన్ను కిందికీ పైకీ చూసింది. "కిరాయికున్న పిల్లవు, నీకెందుకమ్మా? వాసన లేకుంటె కడిగినట్టు ఎట్ల తెలుస్తది?"

"నీళ్లకేమన్నా వాసన ఉంటుందాండీ" అన్నాను. ఆ మాట నాది కాదు. నా నోట్లోంచి వచ్చిందంతే.

కోడలు పర్సు పక్కన పెట్టేసింది. వచ్చి గిన్నె మీది పళ్లెం తీసి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఒకే గిన్నెలో చేతులు పెట్టి పిసికాం. నురగ మోచేతుల దాకా వచ్చింది. ఆడబిడ్డ చీపురు అందుకుంది.

కడిగాక తలుపులన్నీ తీసి పెట్టాం. ఇంట్లో ఏ వాసనా లేదు. పాప నా చెయ్యి విడిపించుకుని తడి నేల మీద మెల్లగా అడుగులు వేసుకుంటూ లోపలికి పోయింది. మంచం ఎత్తేసిన చోట ఆగింది. ఖాళీ గోడకు వీపు తిప్పి, కదలకుండా నిలబడింది.