బందరు ఈగలు, మచిలీపట్నం ఈగలు

ఈగలు తోలమని గొణిగేవాళ్లను నా అరటిపళ్ల కొట్టు దగ్గర రోజూ చూస్తాను. ఈగలు కావాలని వచ్చింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే. హిందూపురం వైపు మనిషి, పెద్ద చదువు చదువుతోంది. మగ్గి నల్లబడ్డ పళ్లు రెండు మెదిపి సీసాలో వేసి కొట్టు మూల పెట్టింది. మర్నాటికి సీసా నిండా చిన్న ఈగలు. మూతికి దూది కుక్కి, నిధి దొరికినట్టు నవ్వింది.

"వీటినేం చేస్తావే, పులుసు పెడతావా?" అన్నాను.

"వీటి లోపలి రాత చదువుతాను మామ్మగారూ."

రాత అనేసరికి చెవి అటు పడింది. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై దాటాకే. చదువంటే ఇప్పటికీ ఆశ చావలేదు. కూచోబెట్టి అడిగాను.

ప్రతి జీవి ఒంట్లోనూ తల్లీతండ్రీ ఇచ్చిన రాత ఒకటి ఉంటుందట. ఈ ఈగల రాతలో కొన్ని ముక్కలు ఉన్నచోట ఊరుకోవు. తమకు తామే నకలు తీసుకుని రాతలో ఇంకోచోట దూరతాయి. మామూలు ముక్క పిల్లల్లో సగంమందికే అందుతుంది. నకళ్లు పెంచుకునే ముక్క దాదాపు అందరికీ అందుతుంది. అలా తరతరానికీ పాకి, ఊళ్లో ఈగలన్నిట్లోకీ ఎక్కేస్తుంది.

"దానివల్ల ఈగకేం లాభం?"

"ఏం లేదండీ. ఒక్కోసారి నష్టమే. ముక్క ఉన్న మగ ఈగ, ఆ ముక్క ఎరగని ఆడ ఈగతో కలిస్తే, పుట్టే పిల్లలకి సంతానం లేకుండా పోవచ్చు. తల్లికి ముందే ఉంటే మాత్రం, దాన్ని అణిచే కాపుదల గుడ్డులోనే పెట్టి పంపుతుంది."

"లాభం లేనిది ఎలా పెరుగుతుందే?"

"నకలు తీసుకోవడం వచ్చు కాబట్టి."

అప్పుడు నాకు వెలిగింది. చదవడం వచ్చిన కొత్తలో ఎవరో కొట్లో ఓ కాగితం పడేసి పోయారు. ఈ ఉత్తరం పదకొండుమందికి రాసి పంచితే మేలు, చింపితే కీడు అని ఉంది. చదవగలిగానన్న సంబరం కొంత, భయం కొంత. కూడబలుక్కుంటూ నాలుగు రోజులు కూచుని పదకొండూ రాశాను. తీరా చూస్తే అందులో కబురన్నదే లేదు, నన్ను రాయి అన్న మాట తప్ప. ఈ సంగతి చెబితే ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

అలాంటి కొత్త ముక్క ఒకటి మన వైపు ఏ ఊళ్లదాకా వచ్చిందో కనిపెట్టడం ఆమె పని. గుడివాడలోనూ అవనిగడ్డలోనూ కూడా సీసాలు పెట్టింది. వెళ్తూ నాకో ఖాళీ సీసా ఇచ్చి, వానలు తగ్గాక ఇంకోసారి పట్టి, ఊరి పేరు రాసి బస్సులో పంపమంది. పంపాను. చీటీ మీద నా చేత్తో, వంకర లేకుండా 'బందరు' అని రాశాను.

కొన్ని వారాలకి మొహం వెలిగిపోతూ దిగింది.

"మామ్మగారూ, ఆ ముక్క అవనిగడ్డలో ఉంది, మీ బందరులో ఉంది! గుడివాడలో లేదు, మచిలీపట్నంలో లేదు. ఇంతకీ మీ సొంతూరు బందరు ఇక్కడికి ఎంత దూరం?"

"నువ్వు నిలబడ్డదే బందరు తల్లీ."

"ఇది మచిలీపట్నం కదండీ?"

"స్టేషన్ బోర్డు మీద మచిలీపట్నం. మా నోట్లో బందరు."

ఆ పిల్ల గెలల చెత్త మీదే కూలబడింది. "సోమవారం మా సారుకి నాలుగు ఊళ్లని చెప్పాలండీ. ఒకే ఊళ్లో లేదూ, ఉందీ అంటే నేను సీసాలు కలిపేశానంటారు. ఏడాది పని నీళ్లపాలు."

నేను నోరు మూసుకునుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ లేని ఊరొకటి పుస్తకంలోకి ఎక్కేది. దాన్ని చూసి ఇంకొకరు రాసేవాళ్లు.

"ఏడవకు. మొదటి సీసా పెట్టినప్పుడు నా కొట్లో ఎక్కడి గెలలున్నాయో తెలుసా?" అన్నాను.

తెలియదంది. నాకు తెలుసు. అవి గుడివాడ పక్క తోటవి. వానలకి ఆ తోట పడిపోతే దివిసీమలో అవనిగడ్డ పక్క తోట నుంచి తెప్పించాను. రెండో సీసా పెట్టింది ఆ గెలల పక్కనే.

"అంటే ఈ ఈగలు ఇక్కడివి కావంటారా?"

"ఇక్కడే పుట్టుండొచ్చు. వాళ్లమ్మ మాత్రం గెలతో పాటు ఆటోలో దిగిన దివిసీమ మనిషి."

కళ్లు తుడుచుకుని నవ్వింది. వెంటనే మొహం ముడిచింది. "ఇది ఊహే మామ్మగారూ. రుజువు కాదు."

"రుజువు నీ పని. గెలలు నా పని."

సోమవారం మూడే ఊళ్లని చెప్పిందట. సారు తిట్టి, గెలల సంగతి విన్నాక, ముందా తోటకి వెళ్లి ఈగలు పట్టమన్నాడట. మరుసటి వారం నన్నూ వెంటబెట్టుకుని దివిసీమ వెళ్లింది. తోటలో ఒక సీసా, గెలలెక్కించే ఆటోలో ఒకటి పెట్టాం. చీటీలు రాయమని కలం నాకే ఇచ్చింది. రాయబోతూ ఆగి, తోట రైతుని అడిగాను:

"అబ్బాయ్, ఈ ఊరికి ఇంకో పేరేమన్నా ఉందా?"

"ఎందుకు లేదండీ, రెండున్నాయి."

మూడూ రాశాను.