మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి

సంఘమంతా మోకాళ్ల మీద ఉండి ప్రార్థించిన పరీక్షలో నేను తప్పాను. ఆ ఆదివారం తార్నాకలోని మా మందిరానికి వెళ్లడానికి మనసు రాలేదు. అయినా వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుండగానే ముగ్గురు అడిగారు, "సిస్టర్, రిజల్ట్ వచ్చిందా?" అని. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, "దేవుడు నన్ను ఇంకా సిద్ధపరుస్తున్నాడు" అని చెప్పి కూర్చున్నాను. అది అబద్ధం కాదు. కానీ నా గొంతు నాకే నీరసంగా వినిపించింది.

అది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పరీక్ష. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చే ఒక ఆఫీసులో ఎనిమిదేళ్లుగా నేను కోఆర్డినేటర్‌ని. పని ఎక్కడిదాకా వచ్చిందో అందరినీ అడిగి, రాసి, పైకి పంపడమే నా ఉద్యోగం. కొత్తగా ఒక పెద్ద ప్రాజెక్ట్ వస్తోందనీ, సర్టిఫికెట్ తెచ్చుకుంటే దానికి నన్నే మేనేజర్‌గా పెడతామనీ చెప్పారు. గడువులో ఇక మిగిలింది రెండు నెలలు. ఆలోగా రాకపోతే బయటి నుంచి ఎవరినో తెస్తారు, నేను మళ్లీ ఆయనను అడిగి రాసుకునే మనిషిగానే మిగిలిపోతాను.

చదవడమంటే నాకు తెలిసింది కంఠత పెట్టడమే. సండే స్కూల్లో వారానికొక వాక్యం, అధ్యాయం సంఖ్యా వచనం సంఖ్యా తప్పకుండా అప్పజెప్పితేనే రంగు చీటీ ఇచ్చేవారు. నా చీటీల డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండేది. పరీక్ష పుస్తకాన్నీ అలాగే మింగేశాను. తీరా చూస్తే ఆ పరీక్షలో నిర్వచనాలు అడగరు. ఒక చిక్కు వివరించి, "ప్రాజెక్ట్ మేనేజర్ మొదట ఏం చేయాలి?" అంటారు. ఇచ్చిన నాలుగు జవాబులూ మంచివిగానే కనిపిస్తాయి.

రెండోసారి చదువు యూనివర్సిటీ క్యాంపస్‌లో మొదలుపెట్టాను. పొద్దున ఆరింటికి తార్నాక వైపు గేటు నుంచి నడిచి వెళితే, వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఒక పక్క, చెట్ల కింద గ్రూప్స్ పుస్తకాలు పైకి చదివేవాళ్లు ఒక పక్క. లైబ్రరీ దగ్గర ఒక సిమెంటు బెంచీ మీద నాకొక స్నేహితురాలు దొరికింది. జనగామ దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. అడిక్‌మెట్‌లో హాస్టల్లో ఉంటూ ఆమె కూడా గ్రూప్స్‌కు చదువుతోంది. ఒక అరగంట ఆమెను నేను రాజ్యాంగం అడగాలి, ఒక అరగంట నన్ను ఆమె నా ప్రశ్నలు అడగాలి. ఇదీ మా ఒప్పందం.

"అక్కా, గిది విను. టీంల ఒకాయన రోజూ మీటింగ్‌కు లేటొస్తున్నడు. మేనేజర్ మొదలు ఏం జెయ్యాలె?"

"స్పాన్సర్‌కు చెప్పాలె" అన్నాను. స్పాన్సర్ అంటే ఆ ప్రాజెక్టును మంజూరు చేసిన పై అధికారి.

"తప్పు. ఇంకోటి. ఇద్దరు ఇంజనీర్లకు పడ్తలేదు."

"స్పాన్సర్‌కే."

"గిది గూడ తప్పే." ఆమె పుస్తకం ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "ఏందక్కా, దేనికైనా గా పెద్దసారు కాడికే ఉరుకుతవు? మా ఊర్ల ఒకాయన కోడి తప్పిపోయినా సర్పంచ్ ఇంటికే పోతడు. గట్లనే ఉన్నది నీ సంగతి."

"పెద్దోళ్లకు చెప్పుడు మర్యాద."

"మర్యాదకు మార్కులేస్తరా?"

నవ్వేశాను గానీ లోపల కోపం వచ్చింది. మా సంఘంలో పెళ్లి సంబంధమైనా, ఇల్లు మారడమైనా, అన్నదమ్ముల తగాదా అయినా పెద్దల ముందు పెట్టకుండా ఎవరూ అడుగు వేయరు. నేను అలా పెరిగాను. అందులో తప్పుందని ఎవరైనా అంటే పడదు నాకు.

ఆ వారమే మందిరంలో ఒక సంగతి జరిగింది. వార్షిక కూడికలకు పాటల బృందాన్ని తయారుచేసే పని నా మీద ఉంది. శనివారం నాలుగింటికి ప్రాక్టీసు. మాలో అందరికన్నా బాగా పాడే సిస్టర్ వరుసగా మూడు వారాలు గంట ఆలస్యంగా వచ్చింది. నేను ఆమెను ఒక్క మాట అనలేదు. తిన్నగా సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. అప్పుడు ఆయన ఆరాధనకు జంపఖానాలు పరుస్తున్నారు.

"పెద్దయ్యా, ఆ సిస్టర్ మూడు వారాల సంది లేటొస్తున్నది. మీరు జర మాట్లాడాలె."

"నువ్వు మాట్లాడినవా బిడ్డా?"

"లేదు. మీరు చెప్తే ఇంటదని..."

"సోదరుడు తప్పు జేస్తే ఏం జెయ్యాల్నో వాక్యముల ఉన్నది గద. చెప్పు."

ఎక్కడా తడబడకుండా చెప్పాను. మొదట నువ్వొక్కడివే వెళ్లి అతనితో మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకుపోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. అధ్యాయం, వచనం కూడా చెప్పాను.

"ఆమేన్" అన్నారాయన, జంపఖానా కొస సరిచేస్తూ. "నోటికైతే వచ్చింది. కాళ్లకే రాలే. ఫో, ఆమె ఇంటికి పొయ్యి మాట్లాడిరా."

చెప్పుల్లో కాళ్లు పెట్టబోతూ ఆగిపోయాను. బెంచీ మీద తప్పు చెప్పిన ప్రశ్నలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆలస్యంగా వచ్చే మనిషి, పడని ఇద్దరు ఇంజనీర్లు. మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలో నా దేవుడు నాకు ఏడేళ్ల వయసులోనే చెప్పాడు. దానికి రంగు చీటీ కూడా పుచ్చుకున్నాను.

ఆ సాయంత్రమే బౌద్ధనగర్‌లో ఆ సిస్టర్ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, చేతికంటిన పిండి దులుపుకుంది.

"రా సిస్టర్. తిట్టనీకే వచ్చినవు గదా?"

"కాదు, అడగనీకి. ఏమైంది?"

విద్యానగర్‌లో ఒక మందుల షాపులో ఆమె పని. శనివారం డ్యూటీ నాలుగింటిదాకా పొడిగించారట. "నా ఒక్కదాని కోసం అందరి టైం మార్చమని ఎట్లడగాలె?" అంది. ప్రాక్టీసు ఐదింటికి మార్చుకున్నాం. పది నిమిషాల్లో తేలిపోయింది. చపాతీలు తినేదాకా కదలనివ్వలేదు.

సోమవారం బెంచీ మీద ఇరవై ప్రశ్నల్లో పద్దెనిమిది సరిగ్గా చెప్పాను.

"ఏందక్కా, పేపర్ లీకయిందా?"

"చిన్నప్పుడే అయింది. నేనే చూసుకోలే."

విషయం చెబితే కళ్లు పెద్దవి చేసి వింది. "మీ బుక్కుల నా గ్రూప్స్‌కు గూడ ఏమన్న ఉన్నదేమో చూడరాదే" అంది.

అంతా ఆ ఒక్క వాక్యంతోనే అయిపోలేదు. ప్రణాళికలు, లెక్కలు, ముప్పుల అంచనాలు చెమటోడ్చి చదివాను. నిజంగానే పైకి తీసుకుపోవలసిన చిక్కులూ ఉంటాయి. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తెలిశాక పుస్తకమంతా దారికొచ్చింది.

పరీక్ష ముందు ఆదివారం మళ్లీ లేచి ప్రార్థన అడిగాను. మళ్లీ తప్పితే అన్న భయం లేకపోలేదు. అయినా నన్ను నడిపించేవాణ్ణి దాచిపెట్టుకొని పరీక్షకు వెళ్లడం నాకు చేతకాదు.

నూట ఎనభై ప్రశ్నలు, దాదాపు నాలుగు గంటలు. చివరి బటన్ నొక్కి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పాసయ్యానని తెర మీద ఉంది. రెండుసార్లు చదివాను. కుర్చీలోనే స్తోత్రం చెప్పుకున్నాను. పైకే అన్నట్టున్నాను, పక్క కంప్యూటర్ అబ్బాయి తిరిగి చూశాడు.

మెట్లు దిగుతూ మొదటి ఫోన్ మా పాస్టరుగారికి కాదు, బెంచీ మీది స్నేహితురాలికి చేశాను.

"అక్కా!" అని ఆమె వేసిన కేకకు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను. "ఇగ కోడి పోయినోళ్లందరు నీ కాడికే ఉరికొస్తరు చూడు!"

ఆ ఆదివారం సాక్ష్యానికి లేచినప్పుడు నా గొంతు ఎక్కడా సన్నబడలేదు. తప్పిన సంగతీ, తప్పు దారిలో పరుగెత్తిన సంగతీ అన్నీ చెప్పాను. చప్పట్లు ఆగకముందే మందుల షాపు సిస్టర్ పాట అందుకుంది. పెద్దయ్య వెనక నిలబడి, వచ్చేవాళ్లకు చోటు చూపిస్తూనే ఉన్నారు.

మేనేజర్ కుర్చీలో నా మొదటి రోజు. పదకొండు కాకముందే ఒక ఇంజనీరు లోపలికి వచ్చాడు.

"మేడం, టెస్టింగ్ ఆమె నా పని కావాలనే ఆపుతున్నది. మీరు జర పైన చెప్పాలె."

"ఆమెతోని నువ్వు మాట్లాడినవా?"

"లేదు మేడం."

"ఫో, మాట్లాడిరా. నేను ఈడనే ఉంటా."