ఓబులమ్మ పేరు మూడోసారి రాసిన రోజు

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు... సారు క్లాసు దాటి వరండాలోకి అడుగు పెడితే చాలు, సుద్దముక్క నా చేతికొచ్చేది. లీడరును మరి! బోర్డు మీద "మాట్లాడినవారు" అని రాసి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడేదాన్ని. పేరు ఎక్కాక కూడా నోరు మూయకపోతే పక్కన ఒక ఇంటూ... ఇంకా వాగితే ఇంకో ఇంటూ...

చాపాడు దగ్గర పల్లెటూరి హైస్కూలు మాది. బోర్డు మీది పేర్లయితే తుడిచేస్తే పోయేవి. ఆ ఏడాది కొత్తగా వచ్చిన లెక్కల సారు మాత్రం నా చేతికి ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చారు. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు కొట్టుకున్నారు, ఎవరు హోంవర్కు ఎగ్గొట్టారు... అన్నీ తేదీ వేసి రాయాలి. ఒకరి పేరు మూడుసార్లు ఎక్కిందంటే వాళ్ళ నాయనను బడికి పిలుచుకుని రావాలి.

సాయంత్రం ఆ బుక్కు సారు సంచిలో పడి ఇంటికి పోయేది. ఆయన దాన్ని చదువుతారా, చదివి ఏం చేస్తారు... అదే నాకు పెద్ద కుతూహలం. ఒకసారి తిరగేసి చూస్తే కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కులున్నాయి, కొన్నింటికి లేవు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

నిజం చెప్పొద్దూ, పేర్లు రాయడమంటే నాకు మహా సరదా.

ఓబులమ్మ నా బెంచీలోనే కూర్చునేది. వాళ్ళది గొర్రెలు, మేకలు పెంచే ఇల్లు. గంట కొట్టి, ప్రార్థన అయిపోయాక, రొప్పుకుంటూ వచ్చేది. రెండుసార్లు "ఆలస్యం" అని రాశాను. మూడోసారి వచ్చిన రోజు నేను పెన్ను తీయగానే నా చెయ్యి పట్టుకుంది.

"రాయొద్దు మే... మా నాయన్ను పిలిపిచ్చారంటే అయిపాయె. ఇంగ బడి వద్దని గొర్లెంబడి తోలేస్తాడు."

వాళ్ళ అక్కను అట్లాగే ఐదుతో మాన్పించారని నాకు తెలుసు. తెలిసీ రాశాను. మా పిన్ని కొడుకు పేరే రాసిన దాన్ని, ఈమెను వదిలేస్తే క్లాసంతా ఊరుకుంటుందా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మరుసటి రోజు వాళ్ళ నాయన వచ్చాడు. భుజాన కంబళి, చేతిలో టిఫిన్ క్యారియరు. వాకిలి బయట చెప్పులు వదిలాడు. మనిషి ముఖం చూస్తే కోపంగా లేడు... పెళ్ళికొచ్చినట్టు వెలిగిపోతున్నాడు!

"సార్, మా పాప పేరు మీ బుక్కులో మూడుసార్లు ఎక్కిందంట గదా! మా ఇంట్లో ఇంతవరకు ఎవురి పేరూ ఇట్లా ఎక్కలేదు సార్. జున్ను తెచ్చినా, తినండి."

ఏం జరిగిందంటే... ఓబులమ్మ భయంతో "సారు బుక్కులో నా పేరు మూడుసార్లు ఎక్కింది, నిన్ను రమ్మన్నారు" అని మాత్రం చెప్పింది. ఎందుకు రాశారో మింగేసింది. మా ఊళ్ళలో ఎవరైనా బుక్కు పట్టుకుని పేర్లు రాసుకుంటున్నారంటే, ఇంటి స్థలానికో, గొర్రెల లోనుకో అని అర్థం. "మా పేరు గూడా రాసుకోండి సార్" అని వెంటపడతారు. అట్లాంటిది కూతురి పేరు అడగకుండానే మూడుసార్లు ఎక్కింది!

సారు చేతిలో బుక్కు తెరిచి ఉంది. ఆయన దానివైపు చూశారు, తల వంచుకుని నిలబడ్డ ఓబులమ్మ వైపు చూశారు. నేను చేతిలోని పెన్నును వెనక దాచుకున్నాను.

"ఔనప్పా, ఎక్కింది," అన్నారు సారు నిదానంగా. "పొద్దున పూట మీ పాప ఏం పని చేస్తాది?"

"దొడ్డి ఊడుస్తాది, మేకపిల్లలకు పాలు తాపుతాది... అన్నీ చేసుకొని ఉరుక్కుంటా వస్తాది సార్."

"గంట కొట్టేలోపల పంపియ్యి. ఇంకా బాగా చదువుతాది."

"అంతేనా సార్? దొడ్డి నేనే ఊడ్చుకుంటాలే!" అన్నాడు. ఆ తర్వాత అడగకూడనిది అడిగాడు. "ఈ పేర్లు రాసేది ఎవురు సార్?"

సారు నన్ను చూపించారు. ఓబులమ్మ నాయన లోపలికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు తల్లీ" అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ మరుసటి రోజు నుంచి ఓబులమ్మ గంట కంటే ముందే బడిలో ఉండేది. పది పాసైంది. ఇప్పుడు వేముల దగ్గర అంగన్‌వాడీ టీచరు. నేను ప్రొద్దుటూరులో ఉంటాను.

పోయిన వారం మా అబ్బాయి స్కూలు నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. "మీ అబ్బాయి క్లాసులో మాట్లాడాడు. రెండో హెచ్చరిక." చదవగానే వాణ్ణి చెడామడా తిట్టేశాను. తర్వాత ఎందుకో ఓబులమ్మ గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేస్తున్న మాట అడిగేశాను... నీ పేరు ఎందుకెక్కిందో మీ నాయనకు అప్పుడు నిజంగానే తెలియదా?

ఓబులమ్మ నవ్వింది. "నేనూ అడిగినా మే. వచ్చేటప్పుడు తెలీదంట. ఆడ నీ ముకం చూసినంక తెలిసిపాయెనంట."

"మరి నన్నెందుకు దీవించినాడు మే?"

"నేనూ అదే అడిగితి. 'ఆ పాప పక్కన నువ్వు ఇంకా మూడేండ్లు కూచోవల్ల గదమ్మీ' అన్న్యాడు."

నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ పెట్టేసి మా అబ్బాయి స్కూలు మెసేజ్ మళ్ళీ తెరిచాను. వాడి గురించి ఎవరు చెప్పారో, వాడు ఎవరి పక్కన కూర్చుంటాడో ఎక్కడా లేదు. వాణ్ణి పిలిచి, "ఎవరితో మాట్లాడినావు నాన్నా?" అని మొదటిసారి అడిగాను...

మీ బళ్ళో పేర్లు రాసింది ఎవరు? రాసినవాళ్ళా మీరు, ఎక్కినవాళ్ళా? దాచుకోకుండా చెప్పండి... నేను చెప్పేశాను కదా.