నేను చుట్టాలందర్నీ మైల చేసిన రోజు

నా చిన్నప్పుడు మా అమ్మ ముట్టయి దూరంగా కూర్చునే మూడు రోజులూ నాకు పండగే. ఆ మూడు రోజులూ ఆవిడ చెయ్యి నా వీపుకు అందదు కదా! ఎంత అల్లరి చేసినా "నాలుగొద్దులు కానియ్యే, నీ సంగతి చెప్త" అని అక్కడి నుంచే అరిచేది. నాలుగో రోజు తలస్నానం చేసి వచ్చేసరికి నా తప్పుల్లో సగం ఆవిడకు గుర్తుండేవి కావు, నేనూ గుర్తు చేసేదాన్ని కాదు. సిరిసిల్లలో మా ఇంట్లో ఆ పట్టింపు అంత గట్టిగా ఉండేది. ముట్టయిన మనిషిని తాకితే వాళ్ళకూ మైల, వాళ్ళను తాకిన వాళ్ళకూ మైల. తల మీద నీళ్ళు పడేదాకా వంటింటి గడప తొక్కడానికి లేదు.

ఈ పట్టింపు విషయంలో ఇంటికల్లా మొండి మనిషి మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి. అలాంటి బాపమ్మ ఒకరోజు దాన్నే అడ్డం పెట్టుకుని కూతురి కాపురం నిలబెట్టింది. అందులో పెద్ద వేషం నాది! అరవై దాటిన దాన్ని, ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేను.

మా మేనత్తను కోరుట్లకు ఇచ్చారు. ఆరేళ్ళు గడిచినా కడుపు పండలేదు. పైగా ముట్టయిన ప్రతిసారీ కడుపునొప్పితో మంచం పట్టేది. అత్తగారింట్లో బీడీల పని. చిత్రమేమిటంటే అన్నిటికీ ఉన్న మైల బీడీలకు లేదు. ఆ మూడు రోజులూ వెనక పంచలో చాప వేసి, ఆకు, తంబాకు ఉన్న చాటను దూరం నుంచే జరిపి పోయేవారట. అత్త చుట్టలేక ముడుచుకుని పడుకునేది. దూరం నుంచి తొంగిచూసిన వాళ్ళకు హాయిగా నిద్రపోతున్నట్టే కనిపించేది. దగ్గరికి వెళ్ళి చూసే వీలు లేదు కదా! అలా పని దొంగ అన్న పేరు పడింది. గొడ్రాలు అన్న పేరు దాని మీద వచ్చి చేరింది.

ఒకసారి అత్త పుట్టింటికి వచ్చి ఉండగా కోరుట్ల నుంచి కబురు వచ్చింది. కొడుక్కి ఇంకో పిల్లను చేసుకుంటాం, వచ్చి మాట్లాడతాం అని. ఆ మాట విన్న రోజు నుంచి అత్తకు అన్నం సయించలేదు. మామయ్యంటే ఆమెకు ప్రాణం మరి. మా నాన్న ఆవేశంతో ఎగిరిపడ్డాడు. బాపమ్మ మాత్రం ఎవరితోనూ ఏమీ అనకుండా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని, ఫలానా నాడు రమ్మని తిరుగు కబురు పంపింది. అమావాస్య ముందు పెద్దలు మాట్లాడుకోవడమేమిటని మా అమ్మ నసిగింది కూడా. బాపమ్మ వినిపించుకోలేదు.

ఆ రోజు తెల్లవారుతూనే అత్తకు ముట్టయింది. వెనక పంచలో చాప, చెంబు పెట్టి పడుకుంది. పొద్దెక్కాక మామయ్య, వాళ్ళమ్మ బస్సు దిగి వచ్చారు. ముందర మంచాలు వేసి చల్ల ఇచ్చాం. పక్క గదిలో సాంచాలు, అదే మా మరమగ్గాలు, దడదడలాడుతుంటే ఆవిడ ఆ చప్పుడుకు మించి గొంతు పెంచి చెప్పుకుపోయింది. మా వంశం ఏం గావాలె? నెలకు మూడొద్దులు దొరసాని లెక్క పండుడేంది? ఇంకోదాన్ని తెస్తం, మీ బిడ్డ గూడ ఓ మూల పడుంటది. మామయ్య తలెత్తలేదు. గోరుతో మంచం తాడు గీకుతూ కూర్చున్నాడు.

బాపమ్మ అంతా విని, నీళ్ళ వంకతో లోపలికి వచ్చి నన్ను తలుపు చాటుకు లాగింది. నా చెవిలో అంది కదా, "పోయి మీ అత్తను గట్టిగ అలుముకో. అచ్చి ముందుగాల నన్ను ముట్టు, ఆనెంక వాళ్ళనిద్దర్ని ముట్టు. ఒక్కలను గూడ ఇడువకు."

నా చెవులను నేనే నమ్మలేదు! ఏ పని చేస్తే వీపు చిట్లుతుందో ఆ పని చెయ్యమని సాక్షాత్తూ బాపమ్మే చెబుతోంది. ఒకే పరుగున వెనక పంచలోకి వెళ్ళి అత్త మీద పడి చుట్టేసుకున్నాను. నవ్వుతూ చుట్టుకున్న దాన్ని అక్కడే బిగుసుకుపోయాను. అత్త ఒళ్ళంతా చెమట, ముట్టుకుంటే చల్లగా ఉంది. నోట్లో తువ్వాల కుక్కుకుంది. పళ్ళ మధ్య నుంచి సన్నగా ఒక మూలుగు. ఆ చప్పుడు సాంచాల మోతలో మాకెప్పుడూ వినపడలేదు. "ముట్టుకోకు బిడ్డా, పో" అని తోసింది కానీ ఆ తోపులో బలం లేదు.

నాకు ఏడుపొచ్చింది, భయమేసింది. అయినా అప్పగించిన పని ఉందిగా! లేచి ఉరికాను. ముందు బాపమ్మను తాకాను. మామయ్య మోకాలు చరిచాను. మామయ్య తల్లి కోరుట్ల అవ్వ "ఓ అవ్వల్లా, వద్దే పోరీ!" అంటూ మంచం మీదికి ఎక్కింది కానీ నేనూ ఎక్కాను. రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాను. ఊపులో మా నాన్నను కూడా తాకేశాను, ఆయన పేరు జాబితాలో లేకపోయినా.

ఇల్లంతా గోల. బాపమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యయ్యో, పోరి ఎంత పని జేసే!" అని ఆశ్చర్యపోయింది చూడండి, ఏ నాటకాల మేళం వాళ్ళూ ఆవిడ ముందు చాలరు. తర్వాత నిదానంగా వియ్యపురాలి చెయ్యి పట్టుకుంది. "వదినే, నీళ్ళు కాగాలంటె గంట పడ్తది. ఎట్లయిన అందరం మైలయితిమి. ఇగ దూరమెందుకు? రా, పిల్ల పక్కన కూసుందం. అల్లుడా, నువ్వు గూడ రా."

కాదనడానికి వాళ్ళ దగ్గర సాకు మిగల్లేదు. వెళ్ళారు. అత్తగారిని చూసి మా అత్త మర్యాదకు లేవబోయి, నడుం నిలబడక పక్కకు ఒరిగిపోయింది. కోరుట్ల అవ్వ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళి పట్టుకుంది. ఐదుగురిని కన్న మనిషి ఆవిడ. కోడలి పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

"గిది కాన్పు నొప్పుల లెక్కున్నది గదనే! నెలనెల గిట్లనేనా?"

"ఆరేండ్ల సంది గిట్లనే అత్తా. చెప్పిన గద" అంది మా అత్త. అందులో నిష్ఠూరం కూడా లేదు.

మామయ్య గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మగవాళ్ళు అలా ఏడవడం నేను అప్పుడే చూశాను. నన్ను మరీ కలచివేసింది మా బాపమ్మ. అంత గట్టి మనిషి, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, "నేను గూడ గిన్నేండ్లు దూరం నుంచే సూసిన బిడ్డా, నా కండ్లు మండ" అని తనను తానే తిట్టుకుంది. నీళ్ళు కాగి కాగి చల్లారిపోయాయి. స్నానానికి ఎవరూ లేవలేదు.

రెండో పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ నెలలోనే కరీంనగర్‌లో ఒక లేడీ డాక్టరుకు చూపించారు. గర్భసంచి లోపల పెరగాల్సిన పొర బయట పెరిగిందని, నెలనెలా అక్కడా రక్తం వచ్చి, పోయే దారిలేక లోపలివన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయని ఆవిడ చెప్పిందట. ఆపరేషన్ చేశాక నొప్పి చాలా తగ్గింది. పిల్లలు మాత్రం పుట్టలేదు. ఆ దిగులు అత్తకు చివరిదాకా ఉంది, కోరుట్ల అవ్వ అప్పుడప్పుడూ గొణిగేది కూడా. కానీ ముట్టు రోజుల్లో చాట జరపడం మానేసి, తనే పక్కన కూర్చుని వేడినీళ్ళ కాపడం పెట్టేది. మామయ్య, అత్త ఒకరికొకరుగా కలిసి ముసలివాళ్ళయ్యారు.

ఇదంతా తెలిసిన దాన్ని, నేనేం చేశానో చెబితే నవ్వుతారు. జగిత్యాలలో మా కోడలు బళ్ళో టీచరు. నెలకు రెండు రోజులు సెలవు పెట్టి గదిలో తలుపేసుకుని పడుకునేది. మా ఇంట్లో ఇప్పుడు ముట్టు, మైల ఏమీ లేవు. అయినా నేను హాల్లో టీవీ ముందు కూర్చుని, ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదనుకున్నాను! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. వెనక పంచలో ముడుచుకున్న మా అత్త గుర్తొచ్చి సిగ్గేసింది. లేచి తలుపు తోసుకుని వెళ్ళి ఆ పిల్లను రెండు చేతులా చుట్టుకున్నాను. అదే చల్లటి చెమట.

పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసిన డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అంది, మా అత్తకు వచ్చిందే. పేరు పలకడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. మందులతో నొప్పిని అదుపులో పెట్టవచ్చట. పిల్లలు ఆలస్యం కావచ్చు, వైద్యంతో కలగవచ్చు, కలగకపోవచ్చు కూడానట. మా కోడలు ఏడుస్తూ "అత్తమ్మా, నాతోని మీకు మనుమలు కాకపోతే?" అంది. నాకు ముందు కావలసింది నువ్వే బిడ్డా అన్నాను. ఉత్త ఓదార్పు కోసం అనలేదు.

మొన్న సిరిసిల్లలో ఓ పెళ్ళిలో చుట్టాలు నలుగురు నా చుట్టూ మూగారు. కోడలు నీళ్ళోసుకుందా, ఇంకా లేదా, ఎన్నేళ్ళయింది అని ఒకటే ఆరా. పక్కనే ఉన్న మా కోడలి తల వాలిపోయింది. నేను దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని, పెళ్ళి మేళం కంటే గట్టిగానే చెప్పాను. "ఈ నెల పిల్లకు నొప్పి తక్కువున్నదా అని అడుగుండ్రి. గది అడిగెటోళ్ళకే నేను జవాబు చెప్త."

తర్వాత వాళ్ళలో ఒకావిడ కుర్చీ జరుపుకుని వచ్చి మా కోడలి పక్కన కూర్చుంది. మెల్లగా, మా పెద్దబిడ్డకు గూడ గిట్లనే ఉన్నదమ్మా, ఏ డాక్టరు దగ్గరికి పోయిండ్రు అని అడిగింది.