మూత మా అమ్మాయి వైపే ఉంది

మా ఇంట్లో చదరంగం బల్ల ఎప్పుడూ కిటికీ పక్కనే ఉండేది. మా ఆయన బైలాడిలా కొండ మీద ఇనుప గనిలో డంపర్ నడుపుతారు. ఆయన నైట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి మా అమ్మాయి బడికి వెళ్ళిపోయి ఉంటుంది. అది బడి నుంచి వచ్చేసరికి, వారం మారి షిఫ్ట్ మారితే, ఆయన మళ్ళీ డ్యూటీలో ఉంటారు. అందుకని తండ్రీ కూతుళ్ళు రోజుకొక ఎత్తు ఆడుకునేవారు. ఎత్తు వేసినవాళ్ళు ఒక సీసా మూతను అవతలివాళ్ళ వైపు జరపాలి. ఇక నీ వంతు అని అర్థం. ఒక్కో ఆట నెలల తరబడి సాగేది. మేముండే బచేలిలో గని ఎర్రదుమ్ముకు కొదవ లేదు కాబట్టి, కాయలు కదలకుండా చుట్టూ తుడవడం నా పని.

పిల్లకు తెలివి ఉంది, నేర్పించండని బడిలో టీచర్ చెప్పింది. ఇక్కడ నేర్పేవాళ్ళు ఎవరున్నారు? ఆన్‌లైన్ క్లాసులో చేర్పించాను.

"ఫోన్లో చదరంగమా వదినా? రేపు ఈత కూడా ఫోన్లోనే నేర్పిస్తారేటి!" అని పక్క క్వార్టర్ ఆవిడ నవ్వింది.

నవ్వినా, పిల్ల నేర్చుకుంది. వానకు నెట్‌వర్క్ పోయిన రోజున ఏడ్చేది. దంతెవాడ పోటీలో గెలిచి వచ్చింది. మంత్రిని 'క్వీన్' అనడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం ఇద్దరూ ఇంట్లో ఉన్నారు. ఆయన ఎత్తు వేసి మూత జరపబోతుంటే అది అంది: "నాన్నా, ఖతమ్. ఇంక నువ్వు ఏం వేసినా ఓడిపోతావు."

"బంటులన్నీ ఉన్నాయి కదే! ఏటి అయిపోయింది?"

అది చూపించింది. ఇది వేస్తే అది, అది వేస్తే ఇది. ఆయన తల ఊపారు గానీ, అర్థం కాలేదని నాకు తెలిసింది.

ఆ తర్వాత ఆయన డ్యూటీ దిగి, బూట్లు కూడా విప్పకుండా బల్ల ముందు నిలబడేవారు. "పడుకోండి," అంటే, "ఉండే, సూస్తన్నాను కదా," అనేవారు. నిద్ర చాలక మళ్ళీ ఆ కొండ మలుపుల్లో బండి నడపాలి. సెలవు రోజుల్లో క్లాసు జరుగుతుంటే, కెమెరాకు కనబడకుండా తలుపు పక్కన కూర్చుని వినేవారు. అక్కడ మాట్లాడేదంతా ఇంగ్లీషు. కాసేపటికి లేచి వెళ్ళిపోయేవారు.

పిల్ల ఇదంతా గమనించింది. ఒకనాడు బడి నుంచి వచ్చి, తన మంత్రిని తీసుకెళ్ళి ఆయన ఏనుగు నోటికి అందించి, మూత జరిపింది.

మర్నాడు పొద్దున ఆయన చాలాసేపు చూశారు. మంత్రిని తీసుకోలేదు. మూలనున్న బంటును ఒక గడి జరిపి, మూత అమ్మాయి వైపు పెట్టారు.

"అంత పెద్ద ఆటగత్తె మంత్రిని అక్కడ పెడతాదేటి?" అన్నారు నాతో. "నన్ను సూసి జాలిపడింది."

మర్నాడు అమ్మాయి బల్ల చూసింది. సరైన ఎత్తు వేస్తే నాన్న ఓడిపోతారు. కావాలని తప్పు వేస్తే నాన్న కనిపెట్టేస్తారు. పరీక్షలున్నాయమ్మా అని పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళింది. పరీక్షలు అయిపోయి చాలా రోజులైంది, ఆట మాత్రం కదల్లేదు.

వచ్చే నెల ఫీజు కట్టమని మెసేజ్ వచ్చింది. కొన్నాళ్ళు మానిపిద్దామా అని ఆయన్ను అడిగాను.

"పిచ్చిదానివేటే? పిల్ల ముందుకెల్తంటే ఎనక్కి లాగుతామా? కట్టీ."

కట్టాను. ఆ క్లాసులకు అంత డబ్బు పెట్టడం దండగ కాదా అని ఇరుగుపొరుగు అడిగితే, కాదనే చెబుతున్నాను. అది అబద్ధం కాదు. పిల్ల కళ్ళలో ఆ వెలుగు నేను చూశాను.

కానీ రోజూ పొద్దున్నే ఆ బల్ల తుడవాలి. ఇప్పుడు కాయల నెత్తిన కూడా దుమ్ము పడుతోంది. ఒక్కోటీ ఎత్తి, తుడిచి, మళ్ళీ అదే గడిలో పెడతాను. ఆయన తీసుకోని మంత్రి ఏనుగు ఎదుట అలాగే ఉంది. మూతను కూడా తుడిచి, మా అమ్మాయి వైపే పెడతాను.